మైకు ముందు నగర చరిత్ర

హైదరాబాదులో స్థానిక చరిత్ర రాయడాన్ని, దాన్ని రేడియోలోనో టీవీలోనో చెప్పడాన్ని ఉద్యోగంగా చేసుకుని ఇల్లు నడుపుకున్నవాళ్లు చాలా అరుదు. ఈ పని చేసినవాళ్లకు మాత్రం కొదవ లేదు. ఒకరు దివానుగిరీ చేస్తూ చేశారు, ఒకరు బడిలో పాఠాలు చెబుతూ చేశారు, ఒకరు పత్రిక నడుపుతూ, ఇంకొకరు సచివాలయంలో ఫైళ్లు చూస్తూ చేశారు. అందుకే చరిత్ర రచయిత, ప్రసారకర్త అనే వృత్తి ఈ నగరంలో ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే నియామకాలు, పదోన్నతులు చూసి లాభం లేదు. ఎవరు ఎక్కడ రాశారు, ఎక్కడ మాట్లాడారు, ఆ మాట్లాడింది తర్వాత ఏమైంది అన్నది చూడాలి.

అలా చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనబడుతుంది. జనంలో పేరు తెచ్చిపెట్టింది గొంతు, తర్వాతి తరానికి చేర్చింది కాగితం. ఈ రెండింటి మధ్య అటూ ఇటూ తిరిగినవాళ్ల పని ఇప్పటికీ వాడుకలో ఉంది. గొంతు దగ్గరే ఆగిపోయినవాళ్ల పని, అది ఎంత మంచిదైనా, విన్నవాళ్లతోనే పోతోంది. దీనికి వాళ్ల ప్రతిభలో లోపమేమీ లేదు. రేడియో, టీవీ, ఇప్పుడు యూట్యూబ్ పనిచేసే తీరే అలాంటిది.

రేడియో రాకముందే ఈ పనికి ఇక్కడ ఒక మూస ఏర్పడింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో ముఖ్యుడు కొమర్రాజు లక్ష్మణరావు. ఆయనకు జీతమిచ్చింది మునగాల సంస్థానం, చేసిన ఉద్యోగం దివానుగిరీ. 1906లో ఇక్కడే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలుపెట్టి, తెలుగువాళ్లు తమ చరిత్రను తెలుగులో చదువుకునేలా పుస్తకాలు వేయించారు. 1923లో ఆయన పోయాక, ఆయన పేరుతో నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాలను సేకరించి 1935లో అచ్చువేసింది. ఆ బరువు మోసిన ఆదిరాజు వీరభద్రరావు ఉపాధ్యాయుడు. అదే కాలంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖకు గులాం యజ్దానీ అధిపతి. 1914 నుంచి ఆయన వెనక ప్రభుత్వ శాఖ ఉంది, బడ్జెట్ ఉంది, సిబ్బంది ఉన్నారు. తెలుగు శాసనాల కోసం తిరిగిన పంతుళ్లకు అవేవీ లేవు.

సురవరం ప్రతాపరెడ్డి చదివింది న్యాయశాస్త్రం. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ఒక సంచిక తెచ్చి చూపించారు. 1949లో వచ్చిన ఆయన సాంఘిక చరిత్ర పుస్తకానికి 1955లో, ఆయన పోయిన రెండేళ్లకు, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన మొదటి పుస్తకం అదే. ఇక్కడ గమనించాల్సింది ఆయన ఆధారాలు ఎక్కడ వెతికారన్నది. రాజుల యుద్ధాలు పక్కనబెట్టి, క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు చూశారు. పాల్కురికి సోమనాథుడిలో పండుగలు, ఆటలు వెతికారు. కోడిపందేలు, జూదాలు, తిండి, బట్ట, నగలు, సామెతలు, అన్నీ ఆయనకు సాక్ష్యాలే. ఆయన రేడియో కోసం రాయలేదు. అయినా తర్వాత రేడియోలో చరిత్ర చెప్పినవాళ్లకు ఆయన పద్ధతి అచ్చంగా సరిపోయింది. విన్న వెంటనే బుర్రకెక్కే చరిత్ర అది. వినేవాడి ఇంట్లో ఇప్పటికీ ఉన్న వస్తువు దగ్గర్నుంచి, వాడు రోజూ అనే సామెత దగ్గర్నుంచి మొదలవుతుంది.

హైదరాబాదులో రేడియో ఒక ప్రైవేటు ప్రయత్నంగా మొదలైంది. ఆబిడ్స్ దగ్గర చిరాగ్ అలీ లేన్‌లో మహబూబ్ అలీ నడిపిన చిన్న కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. అదే దక్కన్ రేడియో. ఉర్దూదే పైచేయి అయినా తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలు కూడా వచ్చేవి. 1948 సెప్టెంబరు 17న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాల్పుల విరమణ ప్రకటించింది ఈ రేడియోలోనే. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. అప్పటికే మద్రాసు కేంద్రం నుంచి తెలుగు ప్రసారాలు మొదలై (1938 జూన్ 16) పన్నెండేళ్లు కావస్తోంది, విజయవాడ కేంద్రం (1948 డిసెంబరు 1) కూడా వచ్చేసింది. తెలుగు రేడియో ప్రసంగానికి ఒక తీరు ఆ రెండు చోట్లా కుదురుకుంది.

హైదరాబాదు కేంద్రానికి ఇంకో బాధ్యత అదనంగా వచ్చింది. ఒకే నగరం గురించి ఉర్దూ శ్రోతకూ చెప్పాలి, తెలుగు శ్రోతకూ చెప్పాలి. రాత్రిపూట ‘నైరంగ్’ వినే ఇంట్లో కుతుబ్‌షాహీలు మనవాళ్లే. తెలుగు ప్రసంగం వినే ఇంట్లో కాకతీయులు మనవాళ్లు, కుతుబ్‌షాహీలు సగం పరాయివాళ్లు. ఆ సగం దూరాన్ని తగ్గించాలంటే తెలుగులో చరిత్ర చెప్పేవాడికి ఇబ్రహీం కుతుబ్‌షాను మించిన మనిషి దొరకడు. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న సుల్తాను ఆయన. ఆయన కాలంలోనే పటాన్‌చెరువు అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగన అచ్చ తెలుగులో ఒక కావ్యం రాసి అంకితమిచ్చాడు. పటాన్‌చెరువు అంటే ఫ్యాక్టరీలు, కాలుష్యం మాత్రమే తెలిసిన శ్రోతకు ఈ ఒక్క ముక్క చాలు, చెవి అటు తిప్పడానికి.

రేడియో ప్రసంగం రాయడం ఒక విద్య. బయటి నుంచి చూసేవాళ్లకు అందులో ఉన్న కష్టం తెలియదు. కేంద్రం నుంచి కాంట్రాక్టు వస్తుంది. తేదీ, నిమిషాలు, పారితోషికం అందులో ఉంటాయి. టాకర్ సంతకం పెట్టి తిప్పి పంపాలి, స్క్రిప్టు ముందే అందజేయాలి. టాక్స్ చూసే ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్ చదివి, అభ్యంతరం ఉన్నచోట గీత పెడతారు. పది నిమిషాల ప్రసంగానికి నాలుగైదు పేజీలకు మించి చోటుండదు. కాగితానికి ఒకవైపే రాయాలి, పిన్ను కొట్టకూడదు. పేజీ తిప్పితే ఆ చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి చదివేసిన కాగితాన్ని మెల్లగా పక్కకు జరపాలి.

ఇవి పైపై నియమాలు. అసలు ఇబ్బంది విషయంలో ఉంది. పుస్తకం చదివేవాడు అర్థం కాకపోతే వెనక్కి తిప్పుతాడు, రేడియో వినేవాడికి ఆ వీలు లేదు. ఒకే వాక్యంలో ముగ్గురు సుల్తానుల పేర్లొస్తే ముగ్గురూ కలిసిపోతారు. హిజరీ సంవత్సరం, క్రీస్తుశకం రెండూ చెబితే శ్రోత రెండూ మరిచిపోతాడు. కానీ చార్మినార్ హిజరీ వెయ్యో ఏట కట్టారు అంటే మాత్రం ఆ వెయ్యి గుర్తుంటుంది. ఏది గుర్తుంటుందో, ఏది గాలికి పోతుందో తెలిసినవాడే రేడియోలో చరిత్ర చెప్పగలడు. అన్నిటికన్నా పెద్ద నష్టం ఫుట్‌నోట్. ఫలానా సంపుటం, ఫలానా పేజీ అని మైకులో చదవలేరు. బాధ్యత తెలిసిన ప్రసంగీకుడు దాని బదులు రెండే రెండు పలుకుబళ్లు వాడతాడు: ‘అని ఫలానావాడు రాశాడు’, ‘అని జనం చెప్పుకుంటారు’. ఈ రెండింటి మధ్య తేడా పాటించినన్నాళ్లూ ప్రసంగం చరిత్రగా ఉంటుంది. ఆ తేడా చెరిగిపోయిన క్షణం నుంచి అది కాలక్షేపం.

1908 మూసీ వరదనే తీసుకుందాం. సెప్టెంబరు 28న నది నగరం మీద పడింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో, అంటే ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి దగ్గర, ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. చెట్టు ఇప్పటికీ ఉంది. ఏటా ఆ రోజున దాని కింద సభ జరుగుతుంది. రేడియోలో చెప్పేవాళ్లెవరైనా అక్కడి నుంచే మొదలుపెడతారు, అందులో తప్పేమీ లేదు. అఫ్జల్‌గంజ్ మీదుగా రోజూ బస్సులో వెళ్లే శ్రోతకు ఆ చెట్టు కళ్లకు కడుతుంది. కాకపోతే పది నిమిషాల్లో ఏడు నిమిషాలు చెట్టే తీసుకుంటుంది. ఎగువన చెరువులు వరసగా తెగడం, మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఆయన సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం చివరి మూడు నిమిషాల్లో పరుగెత్తుతాయి. చనిపోయినవాళ్ల సంఖ్య కూడా అంతే. 15,000 అన్న అంకె ఎక్కువగా వినబడుతుంది, అంతకన్నా చాలా పెద్ద అంకెలు చెప్పేవాళ్లూ ఉన్నారు. వ్యాసంలో అయితే ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో పక్కపక్కన పెట్టి చూపించవచ్చు. ప్రసారంలో ఒక అంకె ఎంచుకోక తప్పదు. నాలుగుసార్లు ప్రసారమయ్యాక ఆ అంకే నిజమైపోతుంది.

భాగమతి విషయంలో ఈ ఇరుకు మరీ ఎక్కువ. నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా భాగమతి అనే నర్తకిని ప్రేమించాడని, మొదట ఆమె పేరుతోనే నగరం వెలిసిందని కథ. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించిన హారూన్ ఖాన్ షేర్వానీ దీన్ని ఒప్పుకోలేదు. ఆయన వాదన బలమైనదే. ఆమె పేరుతో నాణెం లేదు, శాసనం లేదు. కుతుబ్‌షాహీ సమాధుల మధ్య ఆమెదని చెప్పదగ్గ సమాధి లేదు. ఆ వంశపు ఆస్థాన చరిత్రలో ఆమె ప్రస్తావన లేదు. సుల్తాను స్వయంగా కవి, ఎందరో ప్రియురాళ్ల గురించి రాసుకున్నవాడు, అయినా ఆ కవితల్లో భాగమతి పేరు కనబడదు. అవతలి పక్షం కూడా ఒట్టి ఊహల మీద నిలబడలేదు. అక్బరు రాయబారిగా దక్కను వచ్చిన ఫైజీ, నగరం కట్టిన రోజుల్లోనే ఆమె గురించి రాశాడు. బీజాపూరులో కూర్చుని ఫెరిష్తా ఇంకొన్నేళ్లకు రాశాడు. ఇద్దరూ బయటివాళ్లే. ఆస్థానం దాచుకోవాలనుకున్న సంగతి బయటివాళ్లు రాస్తారు అని ఒక పక్షం, శత్రు దర్బారుల నుంచి రాసినవాళ్లు పుకార్లు కూడా రాస్తారు అని ఇంకో పక్షం.

ఈ వాదన మొత్తం చెప్పాలంటే గంట పడుతుంది. టీవీ కార్యక్రమానికి అంత ఓపిక ఉండదు. ప్రేమకథ చెప్పేసి, మూసీ మీది పురానాపుల్ వంతెన చూపించి, పాట వేసేస్తారు. ఒక ప్రొఫెసర్ జీవితమంతా పెట్టి వేసిన ప్రశ్న జనం దాకా చేరకపోవడానికి కారణం జనం తెలివితక్కువతనం ఎంతమాత్రం కాదు. చెప్పేవాళ్లు ఆ ప్రశ్నను ఆసక్తికరంగా చెప్పే కష్టం పడలేదు. ఫైజీ ఉత్తరం ఒకవైపు, ఆస్థాన చరిత్రకారుడి మౌనం ఇంకోవైపు పెట్టి చెబితే అది ప్రేమకథకన్నా ఉత్కంఠగా ఉంటుంది.

ఆ కష్టం పడినవాళ్లలో నరేంద్ర లూథర్ ఒకరు. ఆయనది పంజాబ్, 1932లో హోషియార్‌పూర్‌లో పుట్టారు. ఐఏఎస్ అధికారిగా ఇక్కడికొచ్చి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రధాన కార్యదర్శిగా 1991లో రిటైరయ్యారు. ఉర్దూలో హాస్యం రాశారు. హైదరాబాదు మీద, సికింద్రాబాదు మీద, కులీ కుతుబ్‌షా మీద, ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ మీద ఇంగ్లిషులో పుస్తకాలు రాశారు. భాగమతి ఉందన్న పక్షాన గట్టిగా వాదించారు. నగరం చుట్టూ ఉన్న రాతిగుట్టల్ని కాపాడాలని సంఘం నడిపారు. 2021 జనవరిలో చనిపోయేదాకా ఈ నగరం గురించి మాట్లాడుతూనే ఉన్నారు. ఆయనకు కలిసొచ్చినవి చూస్తే ఈ వృత్తికి ఏమేం కావాలో తెలుస్తుంది. ఉర్దూ చేతిలో ఉంది. అధికారిగా పనిచేసినందువల్ల పాతబస్తీ దేవ్‌డీల, అంటే నవాబుల పాత భవనాల తలుపులూ, ప్రభుత్వ ఫైళ్లూ తెరుచుకున్నాయి. రిటైరయ్యాక పెన్షనుతో పాటు దాదాపు ముప్ఫై ఏళ్ల సమయం దొరికింది. కథ చెప్పే నేర్పు సొంతం. ఇన్ని ఒకే మనిషిలో కుదరడం కష్టం.

అదే 1932లో నల్లగొండ జిల్లాలో పుట్టిన బి.ఎన్.శాస్త్రి దారి వేరు. అధ్యాపకుడిగా పనిచేస్తూ ఊరూరా శాసనాలు సేకరించారు. తెలంగాణ జిల్లాల చరిత్రలు, రాజవంశాల చరిత్రలు, శాసన సంపుటాలు తెలుగులో రాశారు. వేసే ప్రచురణకర్త లేక మూసీ పేరుతో తానే ప్రచురణ సంస్థ పెట్టుకుని వేసుకున్నారు. 2002లో పోయారు. టీవీ కెమెరాలకు ఆయన దగ్గర పెద్దగా పని పడలేదు. కానీ ఇవాళ ఏ ఊరి గుడి గురించో రాయాలనుకునే కుర్రాడు మొదట వెతికేది ఆయన సంపుటాలనే. పాత పుస్తకాల దుకాణాల్లో వాటి కోసం తిరిగేవాళ్లున్నారు. హైదరాబాదు చరిత్రకు ఇంగ్లిషులో మంచి కథకుడు దొరికాడు, తెలంగాణ పల్లెల చరిత్రకు తెలుగులో అలుపెరగని సేకర్త దొరికాడు. ఈ రెండు పనుల్నీ ఒక్కచోట చేర్చి మైకు ముందు తెలుగులో చెప్పే మనిషి కోసం ఒక కుర్చీ ఏ సంస్థా వేయలేదు. ఈ వ్యాసం ఫిర్యాదు చేసేదల్లా ఇదే.

పురాణానికి ఆ కుర్చీ దొరికింది. విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే ఆదివారం మధ్యాహ్నాలు ఊళ్లకు ఊళ్లు రేడియో చుట్టూ కూర్చున్నాయి. ఒకే గొంతు, ఒకే వేళ, వారం వారం. శ్రోతకు ఆ గొంతుతో చుట్టరికం ఏర్పడింది. చరిత్ర ఎక్కువగా విడివిడి ప్రసంగాలుగా చెదిరిపోయింది. ఒక వారం ఒకరు కాకతీయుల చెరువుల గురించి, ఇంకో నెలలో ఇంకొకరు అజంతా గురించి. ఎవరి గొంతూ జనానికి అలవాటు కాలేదు. శ్రోత దగ్గర నమ్మకం కూడబెట్టుకునే అవకాశమే రాలేదు.

ప్రభుత్వ ప్రసారానికి ఇంకో హద్దు కూడా ఉంది. మతాల మీద, వర్గాల మీద దాడిగా అనిపించే మాటకు ఆకాశవాణి నియమావళిలో చోటు లేదు. నియమం మంచిదే. కానీ హైదరాబాదు చరిత్రలో 1946 నుంచి 1951 దాకా ఉన్న భాగం, అంటే సాయుధ పోరాటం, రజాకార్లు, పోలీసు చర్య, దాని తర్వాత జరిగిన హింస, ఇదంతా మతాలతో, వర్గాలతో ముడిపడ్డదే. పోలీసు చర్య అనంతర హింస మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాల పాటు జనానికి అందుబాటులోకి రాలేదు. అలాంటి చోట రేడియో ప్రసంగం జాగ్రత్తగా పక్కనుంచి నడిచిపోవాల్సి వచ్చింది. నగరం అతి ముఖ్యమైన ఐదేళ్ల గురించి మనుషులు ఇంట్లో మాట్లాడుకున్నది ఒకటి, రేడియోలో విన్నది ఇంకొకటి.

ఆ ఖాళీలో కొంత భాగాన్ని పూడ్చింది కూడా రికార్డు చేసిన గొంతులే. కాకపోతే అవి ప్రసారం కోసం రికార్డయినవి కావు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి టేపు రికార్డరు పట్టుకుని వెళ్లారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటివాళ్లు చెప్పింది చెప్పినట్టు ఎత్తి రాసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో అచ్చువేశారు. మాట్లాడిన మనిషి యాస, తడబాటు, కోపం, చెప్పకుండా ఆగిన చోటు కాగితం మీదికి వచ్చాయి. ఉద్యమంలో అన్నం వండిపెట్టినవాళ్లు, కబురు మోసినవాళ్లు, బిడ్డల్ని వదిలి అడవికి పోయినవాళ్లు తమ మాటల్లో తాము చరిత్రలోకి వచ్చారు. స్థానిక చరిత్ర విషయంలో గొంతు, కాగితం ఎలా కలిసి పనిచేయాలో చూపడానికి హైదరాబాదులో ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

రేడియో కేంద్రాల్లో కథ దీనికి తిరగబడింది. స్పూల్ టేపు ఖరీదైన వస్తువు. ప్రసారం అయిపోయాక చెరిపి మళ్లీ వాడుకోవడం ఆ రోజుల్లో మామూలే. సంగీతం, నాటకాలు, పెద్ద నాయకుల గొంతులు భద్రపరచదగ్గవి అనిపించాయి, పది నిమిషాల చరిత్ర ప్రసంగం అనిపించలేదు. మిగిలితే స్క్రిప్టు మిగలాలి. ముందుచూపున్నవాళ్లు తమ ప్రసంగాలను ఏరి పుస్తకంగా వేసుకున్నారు. అంత స్తోమత లేనివాళ్లవి పాత ట్రంకుపెట్టెల్లో ఉండిపోయాయి.

1977లో దూరదర్శన్ వచ్చాక చరిత్రకారుడు కనిపించడం మొదలుపెట్టాడు. కానీ టీవీకి బొమ్మ కావాలి. గోలకొండ, చార్మినార్, కుతుబ్‌షాహీ సమాధులు ఎన్నిసార్లైనా కెమెరాలో బాగుంటాయి. గోడ కూలిపోయిన గడీ, పొలంలో పడి ఉన్న శాసనం అంత బాగుండవు. దాంతో నగరం చరిత్ర నాలుగు కట్టడాలకు కుంచించుకుపోయింది. పల్లె చరిత్రకు ఊపిరి పోసింది అచ్చు పత్రికే. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చింది, మిగతా పత్రికలు అదే దారి పట్టాయి. రోజూ ఆ పేజీలు నిండాలంటే ఊరి గుడి, ఊరి చెరువు, ఊరి పేరు వెనక కథ కావాలి. ఎందరో బడిపంతుళ్లు, విలేకరులు అలా స్థానిక చరిత్ర రచయితలయ్యారు. పరిశీలించేవాళ్లు లేక స్థలపురాణాలు కొన్ని చరిత్రగా అచ్చయ్యాయి, అది నష్టమే. అయినా అచ్చయింది కాబట్టి తర్వాతివాళ్లు దిద్దగలిగారు. 2006 నుంచి వచ్చిన ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్ల గురించి ఇక్కడ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, వాటికి సినిమా పాటే లోకం.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఈ వృత్తికి ఊహించని కొనుగోలుదారు దొరికాడు. పోటీ పరీక్షల్లో తెలంగాణ చరిత్ర, సంస్కృతి, ఉద్యమం సిలబస్‌లోకి వచ్చాయి. గ్రూప్-2లో ఒక పేపరు మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణే. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, ప్రభుత్వ విద్యా చానళ్లయిన టీ-సాట్‌లో, యూట్యూబ్‌లో ఈ చరిత్ర చెప్పేవాళ్లకు గిరాకీ పెరిగింది. కేవలం చరిత్ర చెప్పి బతకడం ఈ నగరంలో ఇంతమందికి సాధ్యమైంది ఇప్పుడే. లక్షలమంది యువకులు కోటిలింగాల నాణేల గురించి, రామప్ప గురించి, ముల్కీ నిబంధనల గురించి శ్రద్ధగా విన్నారు. ఇది చిన్న సంగతి కాదు. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. పరీక్షకు జవాబు ఒక్కటే ఉండాలి. భాగమతి ఉందా లేదా అన్నది బిట్టు కాలేదు. అందుకే సందేహం ఉన్నచోటల్లా సందేహాన్ని కత్తిరించి చెబుతారు. ‘కీ’లో ఏది వస్తే అదే చరిత్ర అన్న టెన్షన్‌లో ఉన్న పిల్లలకు ఇద్దరు పండితుల వాదన చెప్పే తీరిక ఏ మాస్టారికీ లేదు.

యూట్యూబ్‌కు రేడియోకు లేని సౌకర్యం ఒకటుంది. వీడియో కింద రాసుకునే చోటు ఉంది. ఏ శాసన సంపుటం చూశారో, ఏ ఫార్సీ మూలానికి ఎవరి అనువాదం వాడారో అక్కడ నాలుగు పంక్తులు రాస్తే చాలు, రేడియోలో పోయిన ఫుట్‌నోట్ తిరిగి వస్తుంది. కొద్దిమంది చేస్తున్నారు. ఎక్కువమంది ఆ చోటును ప్రకటనలకు వాడుకుంటున్నారు. ఇంకోవైపు ఆదివారం ఉదయాల్లో పాతబస్తీలో, కోఠీ రెసిడెన్సీలో నడిచి చూపించేవాళ్లు పెరిగారు. కొత్త తెలంగాణ చరిత్ర బృందంలాంటి ఔత్సాహికుల గుంపులు గుట్టలెక్కి రాతిచిత్రాలు, శాసనాలు వెతికి వెంటనే పంచుకుంటున్నాయి. ఈ ఆసక్తి నగరానికి పనికొచ్చింది కూడా. ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసేనాటికి, ఆ భవనం ఎవరు కట్టారో, ఎందుకు నిలబడాలో మాట్లాడేవాళ్లు నగరంలో చాలామంది ఉన్నారు.

తక్కువగా ఉన్నది మూలాలు చదవగలిగేవాళ్లు. నిజాం ప్రభుత్వ దస్తావేజులు 1880ల దాకా ఫార్సీలో, తర్వాత 1948 దాకా ఉర్దూలో నడిచాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు కాగితాలున్నాయి. అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం 1891లో ఆసఫియా పేరుతో మొదలైనప్పటి నుంచి కూడబెట్టిన పుస్తకాలున్నాయి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉర్దూ పత్రికల, పుస్తకాల పెద్ద నిధి ఉంది. 2000 ఆగస్టు వరద నీళ్లలో అది చాలా నష్టపోయింది కూడా. తెలుగులో చరిత్ర చెప్పే తరానికి ఈ కాగితాలు నేరుగా అందవు. ఇంగ్లిషు అనువాదం ఉన్నంతవరకే వాళ్ల చరిత్ర ఉంటుంది. ఫార్సీ, ఉర్దూ చదివే ఒక మనిషీ, తెలుగులో చెప్పగలిగే ఒక మనిషీ కలిసి కూర్చుంటే ఏడాదికి ఎన్ని మంచి కార్యక్రమాలు వస్తాయో! విశ్వవిద్యాలయాలున్న, మూడు భాషల విభాగాలున్న ఈ నగరంలో అది జరగని పనేమీ కాదు.

పాత స్క్రిప్టుల సంగతి ఇంతకన్నా తొందరది. సురవరం 1953లో పోయారు. రచయిత మరణం తర్వాత 60 ఏళ్లకు కాపీరైటు తీరుతుంది కాబట్టి 2014 నుంచి ఆయన పుస్తకాలు ఎవరైనా వేసుకోవచ్చు, వేస్తున్నారు కూడా. ఆయన తర్వాత తరంలో రేడియోకు రాసినవాళ్ల పరిస్థితి వేరు. రికార్డింగు మీద హక్కు ప్రసార సంస్థది. రాత మీద హక్కు, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, రచయితది, ఆయన తర్వాత వారసులది. అంటే 1960ల్లో, 70ల్లో సైఫాబాద్ స్టూడియోలో చదివిన చరిత్ర ప్రసంగాలను అచ్చు వేయడానికి చాలా సందర్భాల్లో ఆ కుటుంబాల సమ్మతి చాలు. ఒకవైపే రాసిన, పిన్ను కొట్టని ఆ కాగితాలు ఇంట్లో ఉన్నవాళ్లు వాటిని ఫోనుతో ఫొటోలు తీసి, ప్రసారమైన తేదీ రాసి, భాషా నిలయం లాంటి గ్రంథాలయానికి ఒక నకలు ఇవ్వవచ్చు. తేదీ గుర్తులేకపోతే కాంట్రాక్టు నకలు వెతికితే దొరకవచ్చు.